మా అమ్మాయి మాట నమ్మిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస. మొన్న శుక్రవారంతో మా అమ్మాయి ఒక్క రోజు కూడా మానకుండా నెల రోజులు బడికి వెళ్లింది. రెండేళ్లుగా వారంలో మూడు రోజులు వెళ్తే అదే మాకు పండగ. అందుకే మమ్మల్ని ఆదుకున్న వాళ్లకి పదిమంది ఎదుటా దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను.

ఐదో తరగతిలో ఉండగా తనకి జ్వరం, వాంతులు వచ్చాయి. నాలుగు రోజుల్లో అవి తగ్గాయి కానీ కడుపులో తిప్పడం మాత్రం ఆగలేదు. పొద్దున్న లేవగానే మొదలయ్యేది. ముఖం పాలిపోయి, పళ్లెం ముందు కూర్చుని "అమ్మా, డోకొస్తోంది" అనేది. వాంతి మాత్రం అయ్యేది కాదు. రక్త పరీక్షలు, స్కానింగ్, విశాఖపట్నం తీసుకెళ్లి ఎండోస్కోపీ, అన్నీ చేయించాం. అన్నీ నార్మల్. వాంతులు, వికారం తగ్గించే ఒండాన్‌సెట్రాన్ మాత్ర వేస్తే ఒక పూట తేలిగ్గా ఉండేది, తర్వాత మళ్లీ మామూలే. ఒక ఆసుపత్రిలో అయితే "పాపకి ఏమీ లేదు, బడి ఎగ్గొట్టడానికే ఇదంతా" అని తన ముందే అన్నారు. మా అత్తగారు "గుంటకి గాలి సోకింది" అని దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. అది ఆవిడ ప్రేమ. నేనే ఒకరోజు బడి బస్సు వెళ్లిపోతుంటే విసుగొచ్చి "నాటకాలాడకు" అన్నాను. తను ఏడవలేదు. ఆ రోజు నుంచి బాధ నాకు చెప్పడం మానేసింది. ఈ మాట ఇక్కడ రాయడం కష్టంగా ఉంది, కానీ దాచి రాస్తే మీకు చెప్పే కృతజ్ఞతకి అర్థం లేదు.

మొదటి దండం శ్రీకాకుళంలోని పిల్లల డాక్టరు గారికి. ఫైలంతా చదివి పక్కన పెట్టి, నన్ను కాదు, పిల్లని అడిగారు, తిప్పడం ఎలా ఉంటుందని. "రంగులరాట్నం ఎక్కినట్టు, దిగనివ్వనట్టు" అంది. "పరీక్షల్లో కనపడకపోయినా నీ బాధ నిజమేనమ్మా" అన్నారాయన. మా అమ్మాయి అప్పుడు ఏడ్చింది. దీన్ని ఫంక్షనల్ నాసియా అంటారట. ఇలాంటి కడుపు బాధల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్ ప్రమాణాల్లో పిల్లలకి దీన్ని విడిగా గుర్తించారు: వేరే జబ్బేదీ లేకుండా, రెండు నెలలుగా, వారానికి కనీసం రెండుసార్లు వికారం. పొట్టకీ మెదడుకీ మధ్య నరాల ద్వారా ఎప్పుడూ కబుర్లు నడుస్తాయనీ, ఒక్కోసారి జ్వరం తర్వాత చిన్న కదలిక కూడా పెద్ద అలజడిలా అందుతుందనీ చెప్పారు. బరువు తగ్గడం, పొద్దున్నే తలనొప్పితో వాంతి, పసరు వాంతి, రక్తం వంటివి లేవని మళ్లీ చూసుకున్నాకే హిప్నోథెరపీకి పంపారు. దయచేసి మీరు కూడా ముందు డాక్టరుకే చూపించండి.

హిప్నోథెరపీ అనగానే జాతరలో మేజిక్ షో గుర్తొచ్చి భయపడ్డాను. విజయనగరంలోని సైకాలజిస్టు మేడమ్ నా ప్రతి అనుమానానికీ ఓపిగ్గా జవాబిచ్చారు. నెదర్లాండ్స్‌లో దీర్ఘకాలం కడుపునొప్పి ఉన్న 53 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2007లో వచ్చిందనీ, ఏడాది తర్వాత హిప్నోథెరపీ తీసుకున్న వాళ్లలో 85 శాతం, మామూలు వైద్యం తీసుకున్న వాళ్లలో 25 శాతం మంది కోలుకున్నారనీ, తర్వాత అక్కడే వికారం ఉన్న పిల్లల మీద కూడా పరీక్షించారనీ చెప్పారు. "మంత్రం కాదు, సాధన" అన్నారు. నేను పక్కనే కూర్చున్నాను. అది నిద్ర కాదు, మైకం కాదు. బయట ఆటో హారన్ కూడా తనకి వినిపించిందట. కళ్లు మూసుకుని ఇష్టమైన చోటికి వెళ్లమంటే ఉద్దానంలో మా అమ్మ వాళ్ల జీడితోట ఎంచుకుంది. అక్కడే రంగులరాట్నం. కడుపు మీద చేయి పెట్టి, ఆ వెచ్చదనంతో రాట్నాన్ని మెల్లగా ఆపడం. మీట తన చేతిలోనే ఉంటుంది.

మూడు నెలల్లో ఆరుసార్లు వెళ్లాం. ఇంట్లో రోజూ రాత్రి రికార్డింగ్ వినాలి. మొదటి రెండుసార్లకీ ఏ మార్పూ లేదు, నాకు ఆశ పోయింది. నాలుగోది అయ్యాక ఒక పొద్దున్న "ఇంకో అట్టు వెయ్యమ్మా" అంది. నేను పెనం దగ్గరే నిలబడి ఏడ్చాను. ఇప్పటికీ నెలకి ఒకటి రెండుసార్లు వస్తుంది, పరీక్షలప్పుడు ఇంకాస్త. వచ్చినప్పుడు చేయి కడుపు మీదకి వెళ్తుంది.

తలుపు పక్క బెంచీ ఇచ్చి, అడక్కుండా బయటికి వెళ్లనిచ్చిన క్లాస్ టీచరుకి, రాత్రి సీరియల్ టైములో టీవీ కట్టేసి మనవరాలి పక్కన కళ్లు మూసుకుని కూర్చునే మా అత్తగారికి, నా కృతజ్ఞతలు.

ఇంకొకరున్నారు. మొదటిసారి విజయనగరం వెళ్తుంటే పొందూరు దాటాక రైల్లో పిల్లకి తిప్పింది. ఒక పెద్దాయన కిటికీ సీటు ఇచ్చి, చీపురుపల్లిలో దిగేదాకా నిలబడే ఉన్నారు. ఏమైందని ఒక్క మాట కూడా అడగలేదు. పేరు అడగలేకపోయాం బాబూ. మీరు దిగుతుంటే చెయ్యి ఊపిన పిల్ల మా అమ్మాయే. బాగుంది ఇప్పుడు.