నోరు తిరగని పేరు

కడప,
ఆదివారం రాత్రి

పాపా,

"సమలంబ చతుర్భుజం అంట నాయనా, పలికేలోపు పళ్లు ఊడేట్టున్నాయి" అని మొన్న ఫోన్‌లో మొత్తుకున్నావు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ట్రెపీజియం అని హాయిగా ఉందన్నావు. ఆ హాయి ఏమిటో చూద్దామని ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి పోయి పెద్ద నిఘంటువు తిరగేశాను.

అది గ్రీకు మాట. ట్రపెజా అంటే బల్ల. నాలుగు పాదాలది అని అసలు అర్థం. ట్రపెజియాన్ అంటే చిన్న బల్ల. వెనకటికి నాణేలు మార్చేవాళ్లు బల్ల వేసుకుని కూర్చునేవాళ్లు కదా, గ్రీసులో ఇప్పటికీ బ్యాంకును ట్రపెజా అనే అంటారు! సర్కస్‌లో ఊగే ట్రపీజ్‌దీ ఇదే వంశం. వాళ్లకు పాదాలు కనబడినచోట మనవాళ్లకు చేతులు కనబడ్డాయి. భుజం అంటే చెయ్యే. సమద్విబాహు త్రిభుజమూ అంతే, ఐసోసెలిస్ అంటే గ్రీకులో సమానమైన కాళ్లు.

అయితే గ్రీకు పేరులో బల్ల ఉందే గానీ లెక్క లేదు. చతురస్రం, సమాంతర చతుర్భుజం లాంటివి పోగా మిగిలిన నాలుగు భుజాల ఆకారాలన్నిటికీ యూక్లిడ్ ఆ పేరే పెట్టాడు. లెక్క మన పేరులో ఉంది.

పోయిన వారం ఒక ఇంట్లో బండలు పరిచాను. గోడ వంకర. చివరి బండ రెండడుగుల చదరం, దాన్ని ఏటవాలుగా కోయాల్సి వచ్చింది. ఒక అంచు 2 అడుగులే ఉంది, ఎదుటి అంచు అడుగున్నరకు తగ్గింది. పెద్ద అంచుకు మూలమట్టం ఆనించి ఎదుటి అంచు దాకా టేపు పెడితే 2 అడుగులు. జానెడు జరిపి పెట్టినా 2 అడుగులే. ఆ కొలతే లంబం. ఎక్కడ పెట్టినా సమానం కాబట్టి సమలంబం. సూత్రం బట్టీ పట్టొద్దు. రెండు అంచులూ కలిపి సగం చేసి లంబంతో హెచ్చించు, మూడున్నర చదరపు అడుగులు వస్తుంది.

ఆ ఇంటాయన మాత్రం "మూల పోయింది కదా, మూడే లెక్క" అని గంటసేపు వాదించాడు. టెన్షన్ పడకుండా నేలమీద సుద్దముక్కతో గీసి చూపించాను. మూడున్నరకే ఇచ్చాడులే.

కోసేసిన ముక్క లంబకోణ త్రిభుజం. అంగడిలోనే దాచాను, సెలవులకు వచ్చినప్పుడు కొలుద్దువు. అమ్మ చెక్కలు చేసింది, రేపు బస్సుకు పంపిస్తాను.

నాయన