శీనుకు అమ్మ ఉత్తరం

చిరంజీవి శీనుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మొన్న మీ మేనత్త ఫోను చేసి, మాటల మధ్యలో, "మీవాడు పిన్నాపురం కరెంటు కేంద్రంలో ఉద్యోగం మానేస్తున్నాడటగా" అంది. నేను నమ్మలేదు. ఆ సంగతి అడగడానికి రాయడం లేదు. ఎండలో హెల్మెట్ కింద తలగుడ్డ కట్టుకుంటున్నావా?

మీ నాన్న నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రంలో పనిచేస్తూ, మేము అక్కడి హిల్ కాలనీలో ఉండగా మీ చిన్నాన్న వచ్చి మీ నాన్నతో పెట్టుకున్న వాదన గుర్తొచ్చింది. కరెంటు తీశాక కిందికి పోయిన నీళ్లను మళ్లీ వాడుకోవడానికి పైకి తోడాలంటే, నూరు యూనిట్ల కరెంటు ఖర్చుపెడితే తిరిగి వచ్చేది డెబ్బై అయిదో ఎనభయ్యో అని తెలిసి, "అన్నయ్యా, ఇదేం వ్యాపారం?" అని పగలబడి నవ్వాడు. అర్ధరాత్రి ఎవరికీ అక్కరలేని కరెంటు వేరు, సాయంత్రం ఏడింటికి అందరూ అడిగే కరెంటు వేరు అని మీ నాన్న. బొగ్గు కేంద్రాన్ని రాత్రికి ఆర్పి పొద్దున వెలిగించలేం కదా అని మళ్లీ మీ నాన్న. పప్పుచారు రెండుసార్లు వేడిచేశాను. చివరికి చిన్నాన్నే, "అంటే మేము మిర్చి కొని, అద్దె కట్టి కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర వచ్చాక అమ్మినట్టు" అన్నాడు. వెంటనే, "మరి మీరు తోడుతున్నారా?" అని అడిగాడు. మీ నాన్న మజ్జిగ కలుపుకున్నారు.

అప్పట్లో తోడటం లేదు మరి. సాగర్‌లో కరెంటు తీసే ఎనిమిది యంత్రాల్లో ఏడు పంపులుగా కూడా తిరిగేవే. కానీ తోడుకోవడానికి దిగువన నీళ్లు నిలిపే ఆనకట్ట అప్పటికి లేదు. అది కట్టేలోపు మీ నాన్న రిటైరయ్యారు. అయినా ఏ రోజూ మానేస్తానని అనలేదు. నీకు పిన్నాపురంలో 1680 మెగావాట్లు, ఏ నది వరదతోనూ పనిలేని రెండు జలాశయాలు. ఒకసారి నింపుకున్నాక ఆవిరైనంత పోసుకుంటే చాలు. రాత్రి కాదు, మధ్యాహ్నం సోలార్ కరెంటుతో తోడొచ్చు. అలాంటి చోట ఆరునెలలకే విసుగంటే... సరే, నీతులు చెప్పను. నువ్వు అలా అన్నావని నేననడం లేదు.

మీ నాన్న ఏమీ అడగరు. ఫోను మాత్రం భోజనానికి కూడా పక్కనే పెట్టుకుంటున్నారు.

ఆదివారం చిన్నాన్న కర్నూలు వస్తున్నాడు. ఆవకాయ జాడీ పంపుతున్నాను, నూనె కారకుండా రెండు సంచుల్లో కట్టాను. బస్టాండుకి నువ్వే వెళ్లి తీసుకో, ఎవరినో పంపకు. చిక్కావో లేదో చూసి చెప్పమన్నాను. ఉద్యోగం సంగతి కూడా వాడినే అడగమన్నాను.

అమ్మ