స్నేహంలో లెక్కలుండవా?

ఎడిటర్ గారికి నమస్కారం,

స్నేహితుల దినోత్సవం రోజు మీరు వేసిన స్పెషల్ పేజీ చదివాను, ఫొటోలు బాగున్నాయి గానీ పేజీ మొత్తం ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పారు, నిజమైన స్నేహం ఏమీ ఆశించదు, ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలయ్యాయంటే అది స్నేహమే కాదు అని. ఈ మాట నాకు చిన్నప్పట్నుంచీ మింగుడు పడదు. ఏమీ అడగని, ఏమీ ఇవ్వని ఫ్రెండ్ ఎవరికైనా ఉన్నారా, ఉంటే ఆ మనిషిని పరిచయస్తుడంటారు గానీ ఫ్రెండ్ అని ఎందుకంటారు?

డేనియల్ హ్రుష్కా అని ఒక ఆంత్రోపాలజిస్టు, అంటే రకరకాల సమాజాల్ని స్టడీ చేసేవాడు, ప్రపంచంలో 60 సమాజాల మీద రాసిపెట్టిన రికార్డుల్లో స్నేహం ఎలా ఉందో తిరగేసి 2010లో ఒక పుస్తకం వేశాడు. కష్టంలో ఆదుకోవడం దాదాపు అన్ని చోట్లా ఉంది, వస్తువులు ఇచ్చుకోవడం కూడా చాలా చోట్ల ఉంది. మనసులో మాటలు చెప్పుకోవడం మాత్రం, అదే మీ పేజీలో స్నేహానికి ప్రాణం అన్నది, సగం చోట్ల కూడా కనపడలేదు.

ఆఫ్రికా దక్షిణాన కలహారి ఎడారిలో జుహోవాన్సి అనే జనం ఉన్నారు, పాత పుస్తకాల్లో కుంగ్ అని రాసేవాళ్లు. వాళ్లకి హరో అని ఒక పద్ధతి ఉండేది, పాలీ వీస్నర్ అనే ఆంత్రోపాలజిస్టు 1970ల్లో వాళ్ల మధ్య ఉండి దీన్ని స్టడీ చేసింది. ఒకరు పూసల దండో బాణమో ఇచ్చేవాళ్లు, తీసుకున్నవాళ్లు వెంటనే తిరిగిచ్చేవాళ్లు కాదు, నెలలు పట్టేది, ఒక్కోసారి ఏళ్లు కూడా, పైగా వచ్చిన వస్తువు దాచుకోకుండా కొన్నాళ్లు వాడి ఇంకో నేస్తానికి పంపించేవాళ్లు. అంటే వస్తువు ఒక సాకు మాత్రమే, నువ్వు నాకింకా గుర్తున్నావు అని కబురు పెట్టడం అన్నమాట. వానలు లేక తిండి కరువైన ఏడు ఈ నేస్తాలున్న చోటికి, 100 కిలోమీటర్లు దాటినా సరే, నడిచి వెళ్లిపోయి పరిస్థితి బాగుపడేదాకా అక్కడే ఉండేవాళ్లు. ఇంత ఇచ్చిపుచ్చుకోవడం ఉంది కదా, మీ లెక్క ప్రకారం ఇది స్నేహం కాదా మరి?

మీరు చెప్పిందాంట్లో అస్సలు నిజం లేదని కాదు. మార్గరెట్ క్లార్క్ అనే సైకాలజిస్టు 1984లో ఒక చిన్న ప్రయోగం చేసింది, ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి అంకెల షీటు మీద గుర్తులు పెట్టమంది, వచ్చే బహుమతి ఇద్దరూ పంచుకోవాలి. ముక్కూమొహం తెలియనివాళ్లు ఎక్కువగా పక్కవాడి పెన్ను రంగు కాకుండా వేరే రంగు పెన్ను పట్టుకున్నారు, ఎవరెంత చేశారో తెలియాలిగా. ఫ్రెండ్స్ అంతగా అలా వేరు చేసుకోలేదు. నాకైతే స్నేహం గురించి చదివినవాటిలో ఈ పెన్నుల సంగతే ఎక్కువ నచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం లేకపోవడం కాదండీ, ఉన్నా రాసిపెట్టుకోకపోవడం. నాతో పనిచేసే ఒకాయన చేబదులు తీసుకున్న డబ్బు మర్నాడు పొద్దున్నే చిల్లరతో సహా లెక్కపెట్టి చేతిలో పెట్టాడు, తప్పేం లేదు, మర్యాదస్తుడు, కానీ ఆరోజు నాకెందుకో చిన్నబుచ్చినట్టనిపించింది.

ఇంకోటి, స్నేహం దానంతటదే పుట్టాలి అని కూడా రాశారు. కామెరూన్‌లో బాంగ్వా అనే జనంలో బిడ్డ పుట్టాక పెద్దవాళ్లే ఒక ప్రాణ స్నేహితుణ్ణి కుదిర్చేవాళ్లు అని రాబర్ట్ బ్రెయిన్ అనే ఆంత్రోపాలజిస్టు రాశాడు, మనం పెళ్లి సంబంధాలు కుదిర్చినట్టు. ఘనాలో ఇంకో రకం, గ్లెన్ ఆడమ్స్, విక్టోరియా ప్లౌట్ అనే సైకాలజిస్టులు 2003లో అమెరికా వాళ్లతో పోల్చి చూస్తే ఘనా వాళ్లు తమకి ఫ్రెండ్స్ తక్కువమంది అన్నారు, ఫ్రెండ్స్‌తో జాగ్రత్త అని కూడా అన్నారు. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ అక్కడ ఫ్రెండ్ అంటే చేతి సాయం చెయ్యాల్సినవాడు, ఆ బరువు తెలిసినవాడు ఎంతమందిని నెత్తినెక్కించుకుంటాడు? లిస్టులో వెయ్యి మంది ఉన్నారని చెప్పుకునేవాళ్ల కంటే వాళ్లే నిజాయితీగా ఉన్నారు అనిపిస్తుంది నాకు.

మీ పేజీ కింద, కొత్త ఊళ్లో ఫ్రెండ్స్ లేరు నాలోనే ఏదో లోపం ఉందేమో అని ఒకమ్మాయి అడిగితే, మనసు తెరిచి ఉంచు వాళ్లే వస్తారు అని జవాబిచ్చారు. అది చూసే ఈ లెటర్ రాయాలనిపించింది. అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో తేల్చిందేంటంటే మామూలు ఫ్రెండ్ అవ్వడానికే సుమారు 50 గంటలు కలిసి గడపాలి, దగ్గరి ఫ్రెండ్ అవ్వాలంటే 200 దాటాలి, అందులో ఆఫీసులో పక్కపక్కన కూర్చున్న గంటలు పెద్దగా పనికిరావు. వారానికి రెండు గంటలు కలిస్తే 200 అవ్వడానికి రెండేళ్లు పడుతుంది. ఆ అమ్మాయి వచ్చి ఎన్ని నెలలయిందో అడక్కుండా మనసు తెరవమంటే ఎలాగండీ? తన లోపం కాదు, గంటలు పడలేదంతే అని ఆ కాలమ్‌లోనే ఒక లైను వేస్తే బాగుంటుంది, ముందు తనే ఎవరినైనా ఒక చిన్న సాయం అడిగి చూడమని కూడా చెప్పండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు