న్యాయ గ్రంథాలయ బాధ్యుడికి తాళం చెవితోపాటు నిర్ణయాధికారం కూడా ఇవ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లాలో న్యాయ గ్రంథాలయాల పని తెలిసినవాళ్లం రాసుకుంటున్న విన్నపం.

లైబ్రరీ పేరెత్తితే అందరూ నిధులే అడుగుతారు. మేం ఆ మాట ఎత్తడం లేదు. లా లైబ్రేరియన్ దేన్ని తానే తేల్చాలి, దేన్ని నలుగురినీ అడిగి చేయాలి అన్నది కాగితం మీద పెట్టించమని అడుగుతున్నాం. ఆ గీత లేనిచోట ఆయన స్టోర్‌కీపర్‌గా మిగిలిపోతాడు. అన్నింటికీ కమిటీయే దిక్కంటే మూడు కోర్టు సెలవులు గడిచినా ఒక్క రాక్ కదలదు.

తానే తేల్చాల్సిన వాటిలో మొదటిది, ఏ పుస్తకం ఉంచాలి, ఏది తీసేయాలన్నది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ, విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ రద్దయ్యాయి కదా అని పాత పుస్తకాలను అటకెక్కిస్తే చిక్కే. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి శిక్ష ఐపీసీ ప్రకారమే. అప్పటికే నడుస్తున్న విచారణలు, అప్పీళ్లు సీఆర్‌పీసీ ప్రకారమే సాగుతాయి. అంటే ఇంకా చాలా ఏళ్లు రెండూ పక్కపక్కనే ఉండాలి. తికమక ఎక్కడ వస్తుందో చూడండి: పాత సీఆర్‌పీసీలో 482 హైకోర్టు స్వతఃసిద్ధ అధికారాల సెక్షన్, కేసు కొట్టేయమని అడిగేది దాని కిందే. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 ముందస్తు బెయిల్, కేసు కొట్టేయించుకోవడానికి (క్వాష్) వెళ్లాలంటే 528. ఉత్త ‘482’ అని చీటీ రాసి పంపితే ఏ పుస్తకం చేతికిస్తారు? అందుకే పాత సంపుటాల వెన్ను మీద ‘1-7-2024కు ముందు’ అన్న రంగు పట్టీ, చీటీ మీద చట్టం పేరు తప్పనిసరి చేయాలి. ఇక్కడ ఓటింగ్ పనికిరాదు, లైబ్రేరియన్ మాటే చెల్లాలి.

కొనుగోలు దగ్గర ఇదే మొండితనం చేటు. క్రిమినల్ వైపు వాళ్లకు తాజా తీర్పులు కావాలి. ఈ జిల్లాలో సివిల్ వైపు సగం గొడవ భూమిదే. జమీందారీ ఊళ్లలో పట్టా తగాదా వస్తే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, 1956 ఇనాముల రద్దు చట్టం తీయాల్సిందే. ఏజెన్సీ భూమి అయితే 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్ తీయాలి. దాని పాత జిరాక్స్ ఒక్కటే ఉంటే లేనిదానికన్నా ప్రమాదం. మొదటి పాఠం గిరిజనుడు చేసే బదలాయింపును కట్టడి చేసింది. 1970 సవరణ, ఇచ్చేవాడు గిరిజనేతరుడైనా సరే, గిరిజనేతరుడికి ఇవ్వడానికి వీల్లేదంది. సవరణ అతికించని కాపీ చదివిన వకీలు క్లయింటుకు తలకిందుల సలహా ఇస్తాడు.

అందువల్ల జడ్జీలు, సీనియర్ వకీళ్లు, జూనియర్ వకీళ్లు ముగ్గురినీ అడగాలి. నోటిమాటగా అడిగితే గొంతు పెద్దదైనవాళ్లదే లిస్టవుతుంది. కౌంటర్ దగ్గర ‘అడిగారు, దొరకలేదు’ రిజిస్టర్ పెట్టించండి: తేదీ, చట్టం లేదా సైటేషన్ (తీర్పు ఏ సంపుటిలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తు), ఏ కోర్టు కోసం. మూడు నెలల పేజీలు తిరగేస్తే ఏది కొనాలో వాదన లేకుండా తేలుతుంది.

బైండింగ్‌ను అటెండరుకు అప్పగించవచ్చు, కొలత మాత్రం లైబ్రేరియన్ చెప్పాలి. సంపుటిలో ఒక్క భాగం తగ్గినా బైండర్‌కు పంపకూడదు. అంచు ఎక్కువ కోస్తే పేజీ నంబర్ పోతుంది, సైటేషన్‌తో వెతికేవాడికి ఆ తీర్పు లేనట్టే. వానాకాలానికి ముందు రాక్‌లు గోడ నుంచి జానెడు జరిపించడం, కింది అర ఖాళీగా ఉంచడం కూడా ఆయన చెబితే జరిగిపోవాలి. తుపాన్ల జిల్లాలో దీనికి ఫైలు నడపడం దండగ.

ఆన్‌లైన్ సంగతి. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో, కేంద్ర చట్టాలు ఇండియా కోడ్‌లో ఉచితంగానే ఉన్నాయి. డబ్బు కట్టిన డేటాబేస్‌ల ఓటీపీ ఒక అధికారి సొంత ఫోన్‌కు ముడిపడితే, ఆయన బదిలీ అయిన రోజే చందా మూలపడుతుంది. లాగిన్ పదవి పేరు మీద, ఆఫీసు నంబరు మీద ఉండాలి.

జూనియర్ల దగ్గర మాత్రం అధికారం పక్కన పెట్టి పక్కన కూర్చునే లైబ్రేరియన్ కావాలి. తీర్పు తర్వాత కొట్టివేతకు గురైందా లేదా చూడటం, 2023 నుంచి సుప్రీంకోర్టే తన తీర్పులకు ఇస్తున్న ‘ఐఎన్‌ఎస్‌సీ’ న్యూట్రల్ సైటేషన్ చదవడం అరగంటలో నేర్పవచ్చు. ఏఐ ఇచ్చిన సైటేషన్ ఏదైనా రిపోర్టర్ (తీర్పులు అచ్చువేసే సంపుటి) తెరిచి చూశాకే మెమోలో ఎక్కించాలని అప్పుడే అలవాటు చేయాలి. కక్షిదారులు వచ్చి అడిగితే చట్టం పాఠం చూపాలి, ‘మీ కేసు గెలుస్తుంది’ అనకూడదు. ఈ హద్దు కూడా రాసి ఉండాలి.

మా కోరిక ఇంతే. హైకోర్టుతో సంప్రదించి ఒక ఉత్తర్వు ఇప్పించండి. అందులో లైబ్రరీ కమిటీలో లైబ్రేరియన్‌కు సభ్యత్వం, బైండింగ్, మరమ్మతు, సవరణ ప్రతులకు చిన్న మొత్తం సొంతంగా ఖర్చుపెట్టే వీలు, బదిలీ వేళ చందా గడువులు, లాగిన్‌లు, తప్పిన సంపుటాల జాబితా రాతపూర్వకంగా అప్పగించే నిబంధన ఉండాలి. సోంపేట, ఇచ్ఛాపురం లాంటి చిన్న కోర్టులకు విడిగా లైబ్రేరియన్‌ను వేయలేకపోతే, జిల్లా కేంద్రం లైబ్రేరియన్ నెలకోసారి వెళ్లి చూసేలా ప్రయాణ భత్యం కూడా అందులోనే చేర్చండి.

ఇట్లు,
న్యాయ గ్రంథాలయ సిబ్బంది, పాఠకులు
శ్రీకాకుళం జిల్లా