నాన్నగారికి ప్యారిస్ నుంచి

ప్యారిస్,
2024 సెప్టెంబరు 6.

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న మూడో తేదీ సాయంత్రం స్టాడ్ ద ఫ్రాన్స్‌లో మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి వైకల్యం ఉన్నవారికి జరిగే పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలవడం కళ్లారా చూశాను. ఉక్రెయిన్ అమ్మాయి 55.16 సెకన్లలో, టర్కీ అమ్మాయి 55.23లో, మన దీప్తి 55.82లో గీత దాటారు. మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07తో ప్రపంచ రికార్డు నెలకొల్పింది దీప్తే కాబట్టి ఆ రోజు స్వర్ణం ఆమెకు అందనంత దూరంలో ఏమీ లేదు. బోర్డు మీద ఆమె పేరు పడేవరకు నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

"కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి గదా, ఆ పిల్లకు వైకల్యమేమిటి?" అని బాబాయి ఫోన్‌లో అడిగారు. తీరిగ్గా చెప్పవలసిన సంగతి కనుక ఉత్తరం రాస్తున్నాను, ఆయనకు చదివి వినిపించండి. దీప్తి పరుగెత్తేది టీ20 విభాగంలో, అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగంలో. 400 మీటర్లకు కాళ్ల బలం ఒక్కటే చాలదు. ఎక్కడ వేగం పెంచాలో, చివరి వంద మీటర్లకు ఎంత శక్తి మిగుల్చుకోవాలో పరుగెడుతూనే లెక్క వేసుకోవాలి, ఆ లెక్క వీరికి మనకంటే ఎన్నో రెట్లు కష్టం.

కంటికి కనిపించని వైకల్యం కాబట్టే ఇక్కడ మోసానికీ తావుంది. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టు పన్నెండుగురిలో పదిమందికి అసలు ఏ వైకల్యమూ లేదని తరువాత బయటపడింది. పతకాలు వెనక్కి తీసుకోవడం న్యాయమే. కానీ ఆ దొంగతనానికి శిక్షగా ప్రపంచంలోని మేధో వైకల్య క్రీడాకారులందరినీ 2004, 2008 పారాలింపిక్స్‌కు దూరంగా ఉంచారు. 2012లో లండన్‌లోగాని వారికి మళ్లీ తలుపు తెరుచుకోలేదు. అన్యాయంగా పోయిన ఆ ఏళ్లను ఎవరు తిరిగి ఇవ్వగలరు, నాన్నగారూ? పరుగెత్తే వయసు ఎన్నాళ్లుంటుంది? ఇప్పుడు తెలివితేటల పరీక్షలు, రోజువారీ పనుల్లో సామర్థ్యం, వైకల్యం ఎదిగే వయసులోనే ఉన్నదన్న ఆధారాలు, ఇవన్నీ కఠినంగా పరిశీలిస్తారు. ఆ కఠినత్వం దీప్తి వంటివారికి అవమానం కాదని, వారి పతకానికి అదే కాపలా అని నా గట్టి నమ్మకం.

ఆ పిల్లను, ఆమె తల్లిదండ్రులను ఊళ్లో ఎంతెంత మాటలన్నారో మీరూ పేపర్లో చదివే ఉంటారు. బడిలో వ్యాయామం మాస్టారి కళ్లు ఆమె పరుగు మీద పడకపోతే ఇదంతా జరిగేది కాదు.

పెద్దమ్మగారి మనవడికి చదువు ఎక్కడం లేదని ఆటల పీరియడ్‌లోనూ కూర్చోబెడుతున్నారని అమ్మ రాసింది. మీరొకసారి బడికి వెళ్లి మాట్లాడండి, వాడిని పరుగెత్తనివ్వమనండి. డాక్టరు పరీక్షలు కూడా చేయించండి. ఫలితం ఏది వచ్చినా ఉన్నదున్నట్టుగానే రాయించండి, సర్టిఫికెట్ కోసం ఒక్క అక్షరం ఎక్కువ చేయించవద్దు. ఖర్చు నేను పంపుతాను.

అమ్మకు, బాబాయికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ కుమార్తె