ప్రయాణాల పేజీలో కనిపించని లెక్క

సంపాదకుడు గారికి,

మీ పత్రికలో వారం వారం వచ్చే ప్రయాణాల పేజీని వదలకుండా చదివే పాఠకురాలిని. అందులో చదివిన చోట్లలో కొన్నింటికి వెళ్లివచ్చాను కూడా. అందువల్ల ఈ లేఖలోని ఆక్షేపణలో నా వాటా కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. అదే పత్రికలో, నాలుగు పేజీలు తిప్పితే, కరిగిపోతున్న మంచు గురించీ, పాలిపోతున్న పగడపు దిబ్బల గురించీ వార్తలు ఉంటాయి. ఒక పేజీ ఊసు మరో పేజీకి పట్టనట్టే సంవత్సరాలుగా సాగిపోతోంది.

ప్రయాణం, బస, భోజనం, కొనుగోళ్లు అన్నీ కలుపుకొని పర్యాటకం ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో సుమారు 8 శాతానికి కారణమవుతోందని 2018లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం లెక్కకట్టింది. మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా దాదాపు 2.5 శాతం. ఇంతేనా అనిపించే ఈ అంకెను చూసి ఊరట పొందేవారు రెండు సంగతులు మరిచిపోతున్నారు. విమానం వెనక ఆకాశంలో మిగిలే తెల్లటి చారలూ, ఇంజిన్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లూ కూడా భూమిని వేడెక్కిస్తాయి. వాటినీ కలిపితే మనుషుల వల్ల పెరిగిన వేడిలో విమానయానం వాటా సుమారు 3.5 శాతమని శాస్త్రవేత్తల అంచనా. ఇక రెండోది నాకు మరింత ఇబ్బందిగా తోచే విషయం. 2018లో ప్రపంచ జనాభాలో విమానం ఎక్కినవారు 11 శాతానికి మించరనీ, ప్రయాణికుల విమానాల ఉద్గారాల్లో సగం కేవలం 1 శాతం మంది వల్లనే వస్తున్నాయనీ 2020లో వచ్చిన మరో పరిశోధన తేల్చింది. అంటే మాటిమాటికీ ఎగిరే కొద్దిమంది సరదా ఖర్చు, జన్మలో విమానం ఎక్కనివారి ఖాతాలో పడుతోంది.

అయితే ప్రయాణాలే మానేయాలనే వాదనతో నేను ఏకీభవించలేను. రువాండా అడవుల్లో కొండ గొరిల్లాలను చూడటానికి ఒక్కో గుంపు దగ్గరికి రోజుకు 8 మంది సందర్శకులను, అదీ ఒక్క గంటసేపే, అనుమతిస్తారు. ఆ అనుమతికి వసూలు చేసే పెద్ద రుసుము అడవి కాపలాకూ, పార్కు ఆదాయంలో కొంత భాగం చుట్టుపక్కల గ్రామాలకూ వెళుతుంది. ఒకప్పుడు అంతరించిపోతాయనుకున్న ఆ జీవుల సంఖ్య వెయ్యి దాటింది. 2018లో వాటిని అత్యంత ప్రమాద స్థితి నుంచి ఒక మెట్టు తక్కువ ప్రమాదపు వర్గంలోకి మార్చారు. ఇందులో పశువైద్యుల శ్రమ, కాపలాదారుల ప్రాణత్యాగాలు ఉన్నాయి, కానీ సందర్శకుల డబ్బు లేకపోతే అవేవీ అంతకాలం నిలిచేవి కావు. 2020లో విమాన ప్రయాణికుల సంఖ్య సుమారు 60 శాతం పడిపోయినప్పుడు, సందర్శకుల రుసుముపైనే ఆధారపడిన అనేక రక్షిత ప్రాంతాలు కాపలా సిబ్బందికి జీతాలివ్వడానికే ఇబ్బంది పడ్డాయి.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ థాయిలాండ్‌లోని మాయా బే. రోజూ వేల మంది పడవల్లో వచ్చి దిగడంతో, లంగర్లు తగిలి పగడాలు విరిగిపోయి, 2018 జూన్‌లో ఆ తీరాన్ని మూసేయవలసి వచ్చింది. మళ్లీ తెరిచింది 2022 జనవరిలో, సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టి, పడవలు లోపలికి రాకుండా ఆపి. మూసి ఉన్న కాలంలో రెక్కల కొనలు నల్లగా ఉండే సొరచేపలు తిరిగి వచ్చాయి. గొరిల్లాల దగ్గరికీ, ఈ తీరానికీ వెళ్లిన జనం ఒకే రకం వాళ్లే. ఒకచోట ముందే గీత గీశారు, మరోచోట అంతా అయ్యాక గీశారు.

నా ఉద్దేశంలో ప్రయాణం మీద ప్రేమ కంటే తొందర ఎక్కువ హాని చేస్తోంది. దూరప్రయాణంలో ఉద్గారాల్లో పెద్ద భాగం వెళ్లిరావడంలోనే ఉంటుంది, ఉండటంలో కాదు. ఒకే చోటికి అయిదుసార్లు వెళ్లి రెండేసి రోజులుండేవారు, ఒక్కసారి వెళ్లి పది రోజులుండేవారికంటే అయిదు రెట్ల ఇంధనం కాలుస్తారు, చూసేది మాత్రం తక్కువ. నేనూ ఒకసారి రెండు రోజుల కోసం చాలా దూరం ఎగిరి వెళ్లాను; అందులో ఇప్పటికీ స్పష్టంగా గుర్తున్నది విమానాశ్రయంలోని కుర్చీల వరుస. టికెట్ కొనేటప్పుడు చిన్న గడిలో టిక్ పెట్టి, చెట్లు నాటే పథకానికి కాస్త చెల్లించి మనసును సమాధానపరచుకున్నాను. ఈరోజు వెలువడిన వాయువును పీల్చుకోవడానికి ఆ మొక్కకు దశాబ్దాలు పడుతుందనీ, అప్పటిదాకా అది బతికి ఉండాలనీ నాకు తోచింది ఇంటికి వచ్చాకే.

భారమంతా ప్రయాణికుడి మనస్సాక్షి మీద మోపడమూ న్యాయం కాదు. బస్సులో పోసే ఇంధనానికి పన్ను ఉంటుంది; అంతర్జాతీయ విమానాల ఇంధనానికి మాత్రం, పౌర విమానయానంపై 1944 నాటి షికాగో ఒప్పందమూ, తర్వాత దేశాలు తమలో తాము చేసుకున్న ఒప్పందాలూ కలిసి, చాలావరకు మినహాయింపునిచ్చాయి. రైలులో రెండున్నర గంటల్లో చేరగలిగే చోట్లకు దేశీయ విమానాలను ఫ్రాన్స్ 2023లో నిషేధించింది గాని, షరతులు ఎంత బిగువుగా రాశారంటే చివరికి ఆ నిషేధం మూడు మార్గాలకే వర్తించింది. అంతకంటే ఆస్ట్రియా రైల్వే చేసిన పని నాకు నచ్చింది: జర్మనీ రైల్వే లాభం లేదని 2016లో రాత్రి రైళ్లను వదిలేస్తే, వాటిలో కొన్ని మార్గాలను అది తీసుకుని నడిపింది. ఎక్కువసార్లు ఎగిరినవారికి ఉచిత టికెట్లిచ్చే పద్ధతిని తిరగేసి, ఏడాదిలో మొదటి ప్రయాణానికి పన్ను లేకుండా, తర్వాతి ప్రతి ప్రయాణానికీ పెరుగుతూ పోయేలా విధించాలన్న ప్రతిపాదన కొన్ని దేశాల్లో చర్చలో ఉంది. ఏడాదికొకసారి తల్లిదండ్రులను చూడటానికి వెళ్లేవారిని అది బాధించదు కాబట్టి ప్రభుత్వాలు దాన్ని పరిశీలించాలి.

మీ వంతుగా నేను కోరేది చాలా చిన్నది. ప్రయాణాల పేజీలో ప్రతి వ్యాసం పక్కనా, ఆ చోటికి రైలు, బస్సు లేదా ఓడలో వెళ్లే దారి ఉందా, ఎంత సమయం పడుతుంది, కనీసం ఎన్ని రోజులుంటే వెళ్లడం సబబు, అక్కడ సందర్శకులపై ఏ పరిమితులున్నాయి అన్న నాలుగు వివరాలను ఒక చిన్న పెట్టెలో ఇవ్వండి. ‘మూడు రోజుల్లో అయిదు నగరాలు’ వంటి శీర్షికలకు కొంతకాలం విరామం ఇవ్వండి. స్థలం చాలదనుకుంటే, హోటల్ ఈతకొలను ఫొటోల్లో ఒకదాన్ని తగ్గించినా సరిపోతుంది.

భవదీయురాలు,
మీ పాఠకురాలు