బార్ లైసెన్సుపై సంతకం పెట్టే ముందు వీధిలోకి రండి

జిల్లా ప్రొహిబిషన్, ఎక్సైజ్ అధికారి గారికి,

నమస్కారం. మా వీధి చివరి ఫ్యామిలీ రెస్టారెంట్‌ను బార్‌గా మార్చడానికి దరఖాస్తు పెట్టారని విన్నాం. ఆ యజమాని మీద మాకు కోపం లేదు. అక్కడ మేమూ పిల్లలతో భోజనం చేసినవాళ్ళమే. మా బాధల్లా, ఇక్కడ ఉండేవాళ్ళను ఒక్క మాటైనా అడగకపోవడం.

గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, పంచాయతీ పాలనను అక్కడికి విస్తరించిన 1996 నాటి పెసా చట్టం మద్యం అమ్మకాన్ని నియంత్రించే, ఆపే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. మరి పట్టణంలో వార్డు జనం మాటకు విలువ లేదా? మనది దూబగుంట ఉన్న నెల్లూరు జిల్లా. ఆ ఊరి ఆడవాళ్ళు సారా మీద మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించేలా చేసింది. 1997లో నిషేధం సడలించారు, అది వేరే కథ.

మేము నిషేధం అడగడం లేదు. గుడికి, బడికి దూరం కాగితం మీద కాకుండా మా ముందే కొలిపించండి. సాయంత్రం ట్యూషన్ వదిలే వేళ ఒకసారి వచ్చి చూడండి, పార్కింగ్ లేక బళ్ళన్నీ రోడ్డు మీదే ఉంటాయి. ఆడపిల్లలు ఆ సందులోంచే ఇంటికి రావాలి, మాకు టెన్షన్ అదే. వార్డులో సభ పెట్టి, మా అభ్యంతరాలు రాసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.

ఇట్లు,
వార్డు నివాసి